నా వంతు వదిలేశాను

హైదరాబాదు,
16 జూన్ 2024

అక్కా,

ఈ ఉత్తరం పెట్టె మీదే అంటించి పంపుతున్నాను కాబట్టి ముందు ఇది చదువు, తర్వాతే పెట్టె విప్పు. బావ చేతికిస్తే కాలిపోయిన మోటారు విప్పినట్టు విప్పేస్తాడు, లోపలి అట్టలు చిరిగిపోతాయి.

లోపల ఉన్నది ఆట. కొన్నది కాదు, నేను తయారుచేసింది. పేరు 'నిమ్మతోట'. నువ్వు కేకలు వేస్తావని ఇన్నాళ్లూ చెప్పలేదు గానీ, వేసవికి ముందే ఉద్యోగం మానేశాను. అప్పటి నుంచీ ఇదే పని. దీన్ని బాగా అచ్చు వేయించి అమ్మాలని నా పట్టుదల. నవ్వకు. పెద్దవాళ్లు కూర్చుని ఆడే ఇలాంటి ఆటలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది.

ఎలా ఆడాలో చెబుతాను. నలుగురు కూర్చోవాలి. ఒక్కొక్కరికీ ఒక తోట, కొయ్య బొమ్మలు కొన్ని. మధ్యలో పరిచే పెద్ద అట్ట మీద పనుల గడులు ఉన్నాయి: నీళ్లు, ఎరువు, మందు, కోత, మండీ. నీ వంతు వచ్చినప్పుడు ఒక పని ఎంచుకుని ఆ గడిలో బొమ్మ పెట్టాలి. ఒకరు కూర్చున్న గడిలో ఆ చుట్టు అయిపోయేదాకా ఇంకొకరు కూర్చోకూడదు. ఆటంతా అదే. మనకు ఏ పని కావాలో చూసుకోవాలి, ఎదుటివాళ్లకు ఏది కావాలో అది ముందే పట్టేయాలి. ఏ పనీ వద్దనుకుంటే వంతు వదులుకోవచ్చు. వదులుకున్నవాళ్లకు తర్వాతి చుట్టులో మొదటి వంతు. ఆట ముగిసేలోగా నీళ్లు పెట్టని తోట ఎండిపోయినట్టు లెక్క. పాచికలు లేవు, అదృష్టం మీద నెట్టేయడానికి ఏమీ లేదు.

ఇక్కడ నా స్నేహితులు బాగా ఆడారు. వాళ్లకు ఇలాంటి ఆటలు కొట్టిన పిండి. కానీ నిమ్మచెట్టుకు ముల్లు ఉంటుందని కూడా వాళ్లలో ఒక్కరికీ తెలియదు. తోట చేసేవాళ్లు ఆడితే ఏమంటారో నాకు కావాలి. నువ్వు, బావ, పక్కతోట పేరమ్మ, పాస్టరమ్మ జయశీల గారు ఆడి చూడండి. ఎవరికేమనిపించిందో, ఎక్కడ విసుగు పుట్టిందో ఉన్నదున్నట్టు రాయి.

ఫోన్లో చెప్పేస్తాననకు. నాన్న పోయాక తోట కాగితాల గురించి మనం ఫోన్లో అరుచుకున్న అరుపులు నేను మరిచిపోలేదు. ఏ మాటైనా ఉత్తరాల్లోనే అని ఆ తర్వాత పెట్టుకున్న నియమమే మనకు మంచిది. కాగితం మీదైతే ఆలోచించి రాస్తాం, ఆలోచించి చదువుతాం. ఒక మాటను ఇంకోలా అనుకునే ప్రమాదం ఉండదు.

నీ తమ్ముడు,
టైటస్


చిల్లకూరు,
3 జూలై 2024

తమ్ముడు టైటస్‌కు అక్క దీవెనలు. దేవుని కృప వల్ల ఇక్కడ అందరం బాగున్నాం, మీ బావ మోకాలు తప్ప.

ఉద్యోగం మానేసి అట్టముక్కలు కత్తిరిస్తున్నావన్నమాట. నిన్ను తిడుతూ ఒక పేజీ నిండా రాసి, చించేసి, మళ్లీ మొదలుపెట్టాను. మన నియమంలో ఉన్న లాభం అదొక్కటే. చిన్నప్పుడు పులీమేకా ఆడుతూ ఓడిపోయేటప్పుడల్లా కొత్త రూలు పుట్టించేవాడివి. ఇప్పుడు దాన్నే బతుకుతెరువు చేసుకున్నావు. ప్రార్థన చేస్తున్నాను, అంతకంటే ఏం చేయగలను.

ఆదివారం ఆరాధన అయ్యాక మన వసారాలో ఆడాం. ఎవరికేమనిపించిందో రాయమన్నావు కదా, మొదట పాస్టరమ్మ గారి సంగతి. ప్రార్థనలో అందరి కష్టాలకూ కన్నీళ్లు పెట్టుకునే మనిషి, ఆటలో ఒక్కరికీ కనికరం చూపలేదు. నేను కోతకు పోదామనుకునేలోపు కోత గడిలో కూర్చుంది. "అమ్మగారూ, మీ చెట్లకు ఇంకా కాయే లేదు గదా" అన్నాను. "నాకు లేకపోతే ఏమి, నీకుంది గదా" అంది. ఆట అయిపోగానే నా చెయ్యి పట్టుకుని "ఏమనుకోవద్దమ్మా" అని మళ్లీ మామూలు మనిషి అయిపోయింది.

పేరమ్మ ఇందుకు పూర్తిగా తలకిందులు. బొమ్మ పెట్టే ముందు "అబిగయీలమ్మా, నీళ్లు నీకు కావాల్నా? కావాలంటే నువ్వు పెట్టుకో, నేను మళ్ల పెట్టుకుంటా" అని అడుగుతుంది. "అట్ల అడగగూడదు పేరమ్మా, ఇది పోటీ" అని మీ బావ చెప్పాడు. "పోటీ అయితే మాత్రం? ఆమె చెట్లు ఎండబెట్టి నేను బాగుపడేదా?" అంది. ఆమెకు సొంత బోరు లేదని నీకు తెలుసు కదా. మన తోటలో బోరే ఇద్దరికీ ఆధారం. ఒకరోజు ఆమె నీళ్ల వంతు, ఒకరోజు మన వంతు, నాన్న చేసిన ఏర్పాటు. కరెంటు పోయి వంతు తప్పితే ఒకరినొకరం అడిగి మార్చుకుంటాం. ఆ అలవాటు ఆటలోకి తెచ్చింది.

మీ బావ అభిప్రాయం ఆయన మాటల్లోనే: "నీళ్ల గడి ఒక్కటే పెట్టినాడు, బాగా తెలిసే పెట్టినాడు. మోటారు కాలిపోయే గడి గూడా ఒకటి పెట్టమను, నా షాపుకు గిరాకీ ఉంటాది."

నాకు నచ్చింది టైటస్. నచ్చిందని రాయడం కష్టంగానే ఉంది గానీ నచ్చింది. ఒక్క తప్పుంది. కాయలకు పసుపు రంగు వేశావు. ఇక్కడి నుంచి గూడూరు మండీకి మనం తోలేది పచ్చికాయ. తోటలో పుట్టినవాడివి, అది కూడా మరిచిపోయావా?

ప్రేమతో,
అక్క అబిగయీలు


హైదరాబాదు,
21 జూలై 2024

అక్కా,

నీ ఉత్తరం నా స్నేహితులందరికీ చదివి వినిపించాను. పాస్టరమ్మ గారికి ఇక్కడ అభిమానులు తయారయ్యారు. ఆమె ఆడిందే అసలైన ఆట. పేరమ్మతో మాత్రం గట్టిగా చెప్పు. అడిగి పెట్టుకుంటే ఆట చచ్చిపోతుంది. అందరికీ నీళ్లు దొరికితే ఇంక ఎంచుకోవడానికి ఏముంటుంది? పచ్చికాయ రంగు మారుస్తాను. సిగ్గుపడ్డాను.

ఏటా తోట అడిగే గోడౌన్ల వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఆఫీసుల చుట్టూ తిరగలేనని నువ్వు తోట కాగితాలకు పవర్ ఆఫ్ అటార్నీ నా పేర రాసిచ్చిన సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఇప్పుడు నన్నే పట్టుకున్నారు. హైవే పక్కన మన తోట ఒక్కటే మిగిలిందట. చూద్దాం అన్నాను.

అచ్చు సంగతి అంత తేలిగ్గా లేదు. ఎక్కడ అడిగినా ఈ ఏడాది కాదంటున్నారు. సొంతంగా వేయించుకోవలసి వచ్చేలా ఉంది. దానికి చాలా కావాలి. ఆ గొడవ నీకెందుకులే.

ఈసారి ఆడేటప్పుడు రెండు సంగతులు గమనించు. మండీ గడి దగ్గర ఎవరైనా విసుక్కుంటున్నారా? ఆట మధ్యలో ఎవరైనా లేచి పోవాలనుకుంటున్నారా? వంతు వదులుకునే రూలు ఇక్కడ ఒక్కరూ వాడడం లేదు, తీసేద్దామా అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, నీ వంతు సంగతి. ఉంచుకుంటావో వదులుకుంటావో నువ్వే తేల్చి రాయి. ఇందులో నేను బలవంతం చేయను. ఎలా రాసినా నాకు సమ్మతమే.

నీ తమ్ముడు,
టైటస్


చిల్లకూరు,
13 ఆగస్టు 2024

తమ్ముడు టైటస్‌కు అక్క ఆశీస్సులు. వానల జాడ లేదు గానీ ప్రభువు మమ్మల్ని చల్లగానే చూస్తున్నాడు.

మా వసారాలో ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం అంటే ఆటే. పాస్టర్ అయ్యగారు ఒకసారి వచ్చి చూసి, తన భార్య ఆడే తీరుకు భయపడి వెళ్లిపోయారు. అడగొద్దని నువ్వు రాశావని పేరమ్మకు చెప్పాను. నోటితో అడగడం మానేసింది. కానీ బొమ్మను నీళ్ల గడి మీద గాలిలో పట్టుకుని నా ముఖం చూస్తుంది. నేను తలూపితేనే కింద పెడుతుంది. దీనికి నీ రూలు పుస్తకంలో ఏ శిక్ష ఉందో వెతుక్కో.

మండీ గడి దగ్గర అందరికీ విసుగే. ముందు పోయినవాళ్లకే మంచి ధర అన్నావు, అంతవరకు నిజమే. కానీ మండీలో మన కాయకు వంక పెట్టేవాడు ఒకడుండాలి కదా. ఒకడు గిల్లి చూసి "రసం లేదు" అనకుండా నా కాయ ఎప్పుడూ అమ్ముడుపోలేదు. వాడిని కూడా పెట్టు. మధ్యలో లేచిపోయింది మీ బావ ఒక్కడే, అది కూడా ఎవరో మోటారు తెచ్చారని.

మీ బావ ఇప్పుడు గూడూరు పోతున్నాడు. ఉత్తరం అక్కడ పోస్టులో వేస్తానని చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. ముఖ్యమైంది చెప్పి ముగిస్తాను. నా వంతు సంగతి తేల్చి రాయమన్నావు. వదిలేశాను. మొదట ప్రాణం ఒప్పలేదు, చేతిలో ఉన్నది వదులుకుంటే వెనకబడిపోతానేమోనని భయం. పేరమ్మ, జయశీల గారు కూడా వదులుకోవడమే మేలన్నారు. మీ బావ ఒక్కడే ససేమిరా వద్దన్నాడు. ఆయన మాట వినలేదు. వదిలేశాక మనసు తేలికైంది.

ప్రేమతో,
అక్క అబిగయీలు


హైదరాబాదు,
25 ఆగస్టు 2024

అక్కా,

నీ ఉత్తరం చివరి మాటలు చదివి ఏడ్చాను. నిన్ను ఎలా అడగాలో తెలియక, రాసిన ప్రతిసారీ కొట్టేసి, చివరికి ఆ నాలుగు ముక్కలు రాశాను. నువ్వు ఇంత పెద్ద మనసుతో, ఇంత తేలిగ్గా వదిలేశానని రాస్తావని అనుకోలేదు. అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో.

బావ వద్దన్నాడని రాశావు. ఆయన బాధ నాకు తెలుసు. నిదానంగా నువ్వే నచ్చజెప్పు.

ఇంక నేను ధైర్యంగా ముందుకు పోతాను. కానీ అక్కా, ఒకసారి ఖాయం చేశాక వెనక్కి తిప్పడం కుదరదు. మరోసారి ఆలోచించుకుంటానంటే ఇప్పుడే రాయి. నీకు రావలసింది నీకు వస్తుంది, అందులో తేడా ఉండదు.

నీ తమ్ముడు,
టైటస్


చిల్లకూరు,
8 సెప్టెంబరు 2024

ఒరే టైటస్,

దేవుడు నిన్ను దీవించును గాక, కాస్త బుద్ధి కూడా ఇచ్చును గాక. ఏడ్చేంత ఏముందిరా ఇందులో? ఉద్యోగం లేకపోతే మనిషికి ఇట్లా చీటికీమాటికీ కన్నీళ్లు వస్తాయేమో. వేళకు తింటున్నావా?

మళ్లీ ఆలోచించేదేమీ లేదు. ఖాయం చెయ్. వెనక్కి తీసుకోవడం ఉండకూడదు, ఒకసారి వదిలితే వదిలినట్టే. మీ బావకు కూడా ఇప్పుడు దాని లాభం తెలిసొచ్చింది, నోరు మెదపడం లేదు. నాకు రావలసింది వస్తుందని రాశావు. అచ్చయిన పెట్టె ఒకటి నా పేర పంపు, అది చాలు. ఇంకేమీ వద్దు.

తోటను బెట్టకు వదిలాం. నీళ్లు ఆపి చెట్టును కొంతకాలం వాడబెడితేనే వానలకు విరగబూస్తుంది, వేసవికి కాయ పడుతుంది. ఆకు ముడుచుకున్న చెట్లను చూస్తుంటే చెయ్యి మోటారు స్విచ్చు మీదికే పోతుంది గానీ ఓర్చుకోవాలి. గట్టు పక్క చచ్చిన చెట్ల చోట కొత్త అంట్లు పెట్టించాను. వేసవి కోతకు నువ్వు రా. ఎండలో నిలబడి కాయ ఏరితే నీ ఆటలో లేని గడులు చాలా కనిపిస్తాయి.

ప్రేమతో,
అక్క


చిల్లకూరు,
18 నవంబరు 2024

టైటస్,

ఈ ఉత్తరం అందిన వెంటనే బయలుదేరి రా.

పొద్దున పేరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "అబిగయీలమ్మా, నీ తోటలో జేసీబీ దిగింది" అంది. నేను, మీ బావ పోయేసరికి హైవే వైపు సాళ్లన్నీ పెళ్లగించి పడేసి ఉన్నారు. పిందెలతో ఉన్న చెట్లు, టైటస్. ఈసారి పూత ఎట్లా నిలిచిందో నీకు తెలియదు. కొమ్మకు చెయ్యి పెట్టే సందు లేదు. వేళ్లు పైకి, పిందెలు బురదలో.

అక్కడ పెంచలకృష్ణ అని ఒక సూపర్‌వైజరు ఉన్నాడు. కేకలు వేస్తే వినయంగానే మాట్లాడాడు. "రిజిస్ట్రేషన్ అయిపోయిందమ్మా. మీ తమ్ముడే సంతకం పెట్టినాడు. మీ తరఫున గూడా ఆయనే పెట్టినాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా తమ్ముడు అట్లాంటి పని చేసే మనిషి కాదు, నోరు జాగ్రత్త అని అందరి ముందు అన్నాను. ఎవరో నీ పేర దొంగ సంతకం పెట్టారు. పవర్ నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వే వచ్చి ఈ పని ఆపించాలి. బోరు దగ్గరికి ఇంకా రాలేదు. అది పోతే పేరమ్మ తోట కూడా పోతుంది. ఆమె మిషనుకు అడ్డంగా కూర్చుని ఉంది, లేవమంటే లేవడం లేదు.

నీకు ఫోన్ చేశాను. నియమం తప్పాను. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఒంట్లో బాగుందా? నాకు ఆ భయం కూడా పట్టుకుంది.

అక్క


హైదరాబాదు,
24 నవంబరు 2024

అక్కా,

ఒంట్లో బాగానే ఉంది. నీ ఫోన్ చూశాను. అచ్చు వేసేవాళ్ల దగ్గర ఉన్నాను. వాళ్ల ముందు మనిద్దరం అరుచుకోవడం ఇష్టం లేక ఎత్తలేదు.

దొంగ సంతకం కాదు. నేనే పెట్టాను. నువ్వు వదులుకున్నానని రాశాకే పెట్టాను. 'నా వంతు సంగతి తేల్చి రాయమన్నావు. వదిలేశాను.' ఇవి నీ మాటలే కదా? మరోసారి ఆలోచించుకోమని నేను మళ్లీ రాశాను. 'ఖాయం చెయ్, ఒకసారి వదిలితే వదిలినట్టే' అన్నావు. నీకు రావలసింది ఇస్తానంటే అచ్చయిన పెట్టె చాలు, ఇంకేమీ వద్దన్నావు. ఆ మాటను నేను నెత్తిన పెట్టుకున్నాను. వచ్చిందంతా అచ్చులో పెట్టేశాను. ఇప్పుడు ఏమీ తెలియనట్టు రాస్తే నేనేమనుకోవాలి?

నీ మనసు మారింది, లేదా ఎవరో మార్చారు. బావ మొదటి నుంచీ వద్దంటున్నాడని నువ్వే రాశావు. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ బావ కోర్టుకు పోతానంటే నీ ఉత్తరాలు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అవి చూపించక తప్పదు. అంతదాకా తేవద్దు.

పేరమ్మ సంగతి నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు.

టైటస్


చిల్లకూరు,
5 డిసెంబరు 2024

టైటస్,

నా మాటలు నాకే తిప్పి పంపావు. చదువుకున్నాను. మీ బావకు, పేరమ్మకు, జయశీల గారికి కూడా చదివి వినిపించాను. నేను ఏం రాశానో ఆ వసారాలో ఉన్న నలుగురికీ తెలుసు. నీకొక్కడికే తెలియలేదు.

నా వంతు అంటే ఆటలో నా వంతు. వంతు వదులుకునే రూలు తీసేద్దామా అని రాసి, దాని కిందనే నీ వంతు సంగతి తేల్చమన్నావు. ఆ ఆదివారం ఆటలో నేను వంతు వదులుకుని చూశాను. తర్వాతి చుట్టులో మొదటి వంతు నాకు వచ్చి, పాస్టరమ్మ కంటే ముందు కోత గడిలో కూర్చున్నాను. ఆ సంతోషం రాశాను. రూలు ఉంచమని చెప్పాననుకున్నాను. మీ బావ వద్దన్నది ఆ ఎత్తునే, నేను ఖాయం చెయ్ అన్నది ఆ రూలునే. నాన్న తోటలో నా వంతు అడుగుతున్నావని నాకు తోచలేదు. గోడౌన్ల వాళ్లు ఏటా అడిగేవాళ్లే, ఆ మాటకు జవాబు కూడా దేనికని వదిలేశాను.

మాట ఒకటే, ఒప్పుకుంటాను. నీళ్లకైనా వంతే, ఆటకైనా వంతే, ఆస్తికైనా వంతే. పొరపడడానికి వీలుంది. కానీ అదే ఉత్తరాల్లో ఇంకా చాలా రాశాను కదా. ఏడ్చేంత ఏముందిరా అని అడిగాను. తోట వదులుకున్న మనిషి అట్లా అడుగుతుందా? వేసవి కాయ కోసం చెట్లను బెట్టకు వదిలామని రాశాను. కొత్త అంట్లు పెట్టించానని రాశాను. కోతకు రమ్మని పిలిచాను. ఎవరి తోటకు పిలుస్తున్నాననుకున్నావు? నీకు కావలసిన మాట దొరికింది, అక్కడితో చదవడం ఆపేశావు.

తోట అమ్ముదామా అక్కా అని తెలుగులో నాలుగు మాటలు రాయడానికి నీకు మొహమాటం. అమ్మేయడానికి మాత్రం మొహమాటం లేదు. ఫోన్ చేసి అడిగి ఉంటే అరిచేదాన్ని. అరుపుకు రెండు అర్థాలు ఉండవు. మన నియమం గొప్పదని మురిసిపోయాం ఇద్దరం.

పెంచలకృష్ణకు క్షమాపణ చెప్పి వచ్చాను. నా తమ్ముడు అట్లాంటి పని చేసేవాడేనని ఒప్పుకుని వచ్చాను. ఇంత వయసొచ్చాక నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

బోరు పూడ్చేశారు. పేరమ్మను లేపింది నేనే. "నాకు నీళ్ల వంతు మీ నాయన ఇచ్చినాడు, ఈళ్లకు ఏం సంబంధం?" అని ఒక్కటే మాట అడిగింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మీ బావ కోర్టుకు పోదామంటున్నాడు. నేనే వద్దన్నాను. పెళ్లగించిన చెట్లను ఏ జడ్జి మళ్లీ నాటించలేడు. నా రాతకు నువ్వు అర్థాలు చెబుతుంటే నిలబడి వినే ఓపిక నాకు లేదు. ఉత్తరాలు భద్రంగా ఉంచానని రాశావు. ఉంచుకో.

అబిగయీలు


హైదరాబాదు,
20 ఏప్రిల్ 2025

అక్కా,

నీ దగ్గర నుంచి ఉత్తరాలు లేవు. నేను రాసినవాటికి జవాబు లేదు. అయినా నీకిచ్చిన మాట ప్రకారం అచ్చయిన మొదటి పెట్టె నీ పేరనే పంపుతున్నాను.

పెట్టె మీద బొమ్మ మన తోటే. గట్టు మీద నుంచి ఎప్పుడో నేను తీసిన ఫోటో చూపించి వేయించాను. బోరు షెడ్డు, దాని మీద నాన్న బట్టలు ఆరేసే తీగ కూడా కనిపిస్తాయి. కాయలకు పచ్చికాయ రంగే వేయించాను. మండీ గడిలో వంక పెట్టే మనిషిని చేర్చాను, అందరూ ఆ గడి దగ్గర నవ్వుతున్నారు. ఆడినవాళ్లు బాగుందని రాస్తున్నారు. నీళ్ల గడి దగ్గర గుండె దడదడలాడుతోందని ఒకాయన రాశాడు. పుస్తకం చివర మీ నలుగురి పేర్లూ వేయించాను, చూడు.

ఇంకొకటి చేశాను. రూలు పుస్తకమంతటా 'వంతు' అన్న మాట తీసేయించి 'టర్న్' అని పెట్టించాను. అచ్చు మొదలయ్యాక మార్చడం కష్టమన్నారు. పట్టుబట్టి మార్పించాను. ఇకమీదట ఆ మాట దగ్గర ఎవరూ పొరపడకూడదని. అది నీ కోసం చేశాననే అనుకో.

నేను తప్పు చదివాను అక్కా. కావాలని చదవలేదు. కావాలని చదివానేమోనని అప్పుడప్పుడు నాకే అనుమానం వస్తుంది, అది వేరే సంగతి. ఒక్కసారి ఆడి ఎలా ఉందో రాయి. తిట్టు, పర్వాలేదు. ఒక్క ముక్కైనా రాయి.

నీ తమ్ముడు,
టైటస్


చిల్లకూరు,
11 మే 2025

శ్రీ టైటస్ గారికి,

మీరు పంపిన పెట్టె అందింది. ఆడి ఎట్లా ఉందో రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

అట్ట దళసరిగా ఉంది. బొమ్మలు నున్నగా ఉన్నాయి, చేతికి గుచ్చుకోవు. పచ్చికాయ రంగు సరిగ్గా కుదిరింది. పెట్టె మీద తోట బాగా వచ్చింది. ఊళ్లోవాళ్లు చాలామంది చూసిపోయారు. తీగ మీద మా నాన్నగారి తువ్వాలు ఉంది, చిత్రకారుడు దాన్ని కూడా వదలలేదు.

ఆదివారం మధ్యాహ్నం వసారాలో నలుగురం కూర్చున్నాం. పేరమ్మ తోట ఈ ఎండలకు నిలవలేదు. ఆమె ఇప్పుడు సంగం ఊరి వైపు కూలికి పోతోంది, ఆదివారాలు మాత్రమే వస్తుంది. మా ఆయన ఆడనన్నారు, తర్వాత వచ్చి కూర్చున్నారు. జయశీల గారు ఈసారి ఎవరికీ అడ్డం పడలేదు. ఎరువు, మందు, మండీ అంటూ వరుసగా ఎవరి పని వారు చేసుకుంటూ పోయాం.

పేరమ్మ వంతు వచ్చింది. మీ పుస్తకంలో టర్న్ అని ఉంది గానీ మాకు వంతే. బొమ్మ తీసి ఎప్పటిలాగే నీళ్ల గడి మీద గాలిలో పట్టుకుని నా ముఖం చూసింది. నేను తలూపలేకపోయాను. "నీకు అవసరం లేదుగా అబిగయీలమ్మా" అంది. లేదన్నాను. "నాకు మాత్రం ఏం అవసరం" అని బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరూ ఆ గడి జోలికి పోలేదు.

మీ రూలు ప్రకారం నీళ్లు పెట్టని తోట ఎండిపోయినట్టు లెక్క. నలుగురివీ ఎండిపోయాయి. అట్లాంటప్పుడు ఎవరు గెలిచినట్టో పుస్తకమంతా వెతికాను, ఎక్కడా లేదు. మళ్లీ అచ్చు వేయించేటప్పుడు అది కూడా చేర్పించుకోండి. నాకు రాయనక్కర్లేదు.

ఇట్లు,
అబిగయీలు